మూఢంలో ఎగిరిన విమానాలు

మా మామగారు పోయారు. బడిలో ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతూ ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు. క్లాసులో ఉంటానని తెలిసి కూడా చేశాడంటేనే ఏదో జరిగిందని నాకు అర్థమైంది. "నాన్న లేడు. బయల్దేరి రా" అన్నాడు. పొద్దున నేను బడికి బయల్దేరేటప్పుడు మామగారు వరండాలో కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ, "ఈ పొద్దు గాలి తిరిగిందమ్మా, సముద్రం దిక్కు నించి వస్తా ఉండాది" అన్నారు. మళ్లీ కాఫీ గ్లాసు తీసుకుందామని అత్తయ్య వచ్చేసరికి, ఆ కుర్చీలోనే కునుకు తీస్తున్నట్టు ఉన్నారట.

సాయంత్రానికి ఇల్లంతా జనం. ముందు గదిలో ఆయన్ని పడుకోబెట్టి, ఫ్యాన్లన్నీ వేసి ఉంచారు. ఆయన చిన్ననాటి స్నేహితుడు, ఇందుకూరుపేట దారిలో కల్యాణ మండపం నడిపే పెద్దాయన, వస్తూనే గుమ్మం పక్కన స్విచ్చు మీద చెయ్యి పెట్టి ఫ్యాను ఆపబోయాడు. ఆపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అందరూ ఆయన వైపు చూశారు. "ఏం లేదు. అలవాటు" అని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆ అలవాటు ఏమిటో అక్కడున్న వాళ్లలో నాకూ, అత్తయ్యకూ, మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. మా మామగారు ఉన్న గదిలో ఫ్యాను తిరగకూడదు. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా మామగారు వయసులో ఉన్నప్పుడు వైమానిక దళంలో పనిచేశారు. విమానం నడిపే ఉద్యోగం కాదు, బాగుచేసే ఉద్యోగం. సరుకులు మోసే పెద్ద విమానాలకు ముందు తిరిగే ప్రొపెల్లర్లు ఉంటాయి కదా, వాటి దగ్గర పని. ఆ ప్రొపెల్లర్ రెక్కలు ఒకే వాలులో బిగించి ఉండవు. విమానం లేచేటప్పుడు ఒక వాలు, పైకి వెళ్లి నిలదొక్కుకున్నాక ఇంకో వాలు. ఆ వాలు మారడం ఆయనకు జీవితమంతా వింతగానే ఉండిపోయింది. ఒకరోజు హ్యాంగరులో పెద్ద విమానాలు లేని వేళ, ఒక తోటి ఉద్యోగి, మెలిపెట్టిన రబ్బరు విడివడుతూ ప్రొపెల్లర్‌ను తిప్పే చిన్న విమానం ఎగరేశాడట. తలుపులన్నీ మూసిన ఆ పెద్ద గదిలో అది చప్పుడు లేకుండా తిరుగుతూ ఉంటే, అన్నం సంగతి మరిచిపోయి చూస్తూ నిలబడ్డానని చెప్పేవారు. ఉద్యోగం నుంచి దిగి ఊరికి వచ్చి, తండ్రి ఇచ్చిన మడి సాగు చేసుకుంటూ, కొన్నాళ్లు రొయ్యల గుంటలు కూడా వేసి నష్టపోయి, ఇన్నిటి మధ్యా ఆయన వదలనిది ఆ విమానమే.

"అంత పెద్ద వాటి దగ్గర పనిచేసినారు గదా మామయ్యా, ఇంత చిన్నదేంది మీకు?" అని నేనొకసారి అడిగాను.

"అవి తిరిగేటప్పుడు దగ్గరికి పోలేమమ్మా. దీనికి ముక్కు ఆనించి చూడొచ్చు" అన్నారు.

నేను విడవలూరు పక్క పల్లెటూరి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం, ఎండ మండిపోతూ ఉంటే, మామగారు ముందు గది తలుపులూ కిటికీలూ మూసి ఫ్యాను ఆపేశారు. అత్తయ్య వంటింట్లోంచి కేకేసింది. "కొత్తగా వచ్చిన పిల్లకు చెమటలు కారతా ఉండాయి. ఆ ఫ్యాను ఎయ్యకూడదా?" మామగారు గది మధ్యకు నడిచారు. చేతిలో ఏదో పట్టుకుని ఊపిరి బిగబట్టినట్టు నిలబడ్డారు. అది ఉందో లేదో కూడా నాకు తెలియలేదు. వెలుగు పడ్డప్పుడు మాత్రం చేపపొలుసులా మెరిసింది. బాల్సా అనే తేలిక చెక్కను వెంట్రుకల్లా చీల్చి కట్టిన చట్రం, దాని మీద ఉల్లిపొర కన్నా పలచని ప్లాస్టిక్ పొర. అరచేతిలో పెడితే మల్లెమొగ్గ అంత బరువు కూడా తోచదు. ఆయన వేళ్లు విడిచారు. అది వెంటనే ఎగరలేదు. ఉన్న చోటనే కాసేపు ఆలోచించి, తర్వాత బయల్దేరినట్టు అనిపించింది. ముందు ప్రొపెల్లర్ ఎంత మెల్లగా తిరుగుతుందంటే ఒక్కో తిప్పూ కంటికి కనిపిస్తుంది. నేను నిలబడ్డ చోట నా తల చుట్టూ ఒక చుట్టు తిరిగి, క్యాలెండరు ముందు నుంచి వెళ్లి, తలుపుకు తగిలి నేల మీద వాలిపోయింది. నాకు చెమట పట్టిన సంగతి గుర్తు లేదు.

ముందు గది దానికి చాలదు. ఎత్తయిన పైకప్పు కావాలి, గాలి కదలకూడదు. మా వైపు అటువంటి చోటు కల్యాణ మండపం ఒక్కటే. ఊళ్లో అందరూ పంచాంగంలో ముహూర్తాలు వెతుక్కుంటే, ఆయన ముహూర్తాలు లేని రోజులు వెతుక్కునేవారు. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా ఆయన ముఖం వెలిగిపోయేది. పెళ్లిళ్లు ఉండవు, మండపం ఖాళీ. "అందరూ పెళ్లికి కావాలని అడిగితే, నువ్వేందబ్బా ఫ్యాన్లు ఆపేదానికి అడగతావు" అని ఆ స్నేహితుడు నవ్వుతూనే తాళాలు ఇచ్చేవాడు. తర్వాత తర్వాత తనూ వచ్చి, ఒక్కో స్విచ్చు ఆపి, కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఫ్యాను ఆపే అలవాటు ఆ స్నేహితుడికి అక్కడే పట్టుకుంది.

సముద్రపు గాలి లేవకముందే వెళ్లాలి. గాలి లేచిందంటే తలుపులు మూసినా సందుల్లోంచి దూరుతుంది. తేమ ఇంకో బాధ. మైపాడు సముద్రం ఇక్కడికి ఎంత దూరం, మా వైపు ఉప్పు కూడా సీసాలో నీరవుతుంది. చెక్క తేమ పీల్చి బరువెక్కకుండా విమానాల పెట్టెలో వేయించిన బియ్యం మూటలు పెట్టేవారు. అత్తయ్య ఆ బియ్యం కోసం విసుక్కుంటూనే ఏరి, వేయించి, మూటలు తానే కట్టేది.

ఇక నేను ఆయనకు తోడుగా ఎలా కుదిరానో చెప్పాలి. పెళ్లయిన మూడో ఏడు నాకు కడుపులో బిడ్డ పోయింది. ఆరో నెల. మా అమ్మ తీసుకుపోయి కొన్నాళ్లు పెట్టుకుని మళ్లీ పంపింది. వచ్చిన వాళ్లందరూ మంచి మాటలే చెప్పారు. ఇంకా వయసుంది అన్నారు, అంతా మన మంచికే అన్నారు. నేను అన్నం తింటున్నాను, బడికి వెళ్తున్నాను, అడిగిన దానికి జవాబు చెబుతున్నాను. ఏడవడం మాత్రం రాలేదు. మా ఆయన నా ముఖంలోకి చూడడానికి భయపడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

ఒక ఆదివారం పొద్దున మామగారు నా గది గుమ్మం బయట నిలబడి, "అమ్మా, దారం పట్టుకునేదానికి ఒక మనిషి కావాల. మీ అత్తయ్యకు మోకాళ్లు లాగతా ఉండాయంట. వస్తావా?" అన్నారు. అత్తయ్య ఎన్నడూ మండపానికి వెళ్లలేదని నాకు తెలుసు. వెళ్లాను.

మండపంలో ఇంకా ఎవరిదో పెళ్లి వాసన ఉంది. స్తంభాలకు ఎండిన బంతిపూలు వేలాడుతున్నాయి. మామగారు రబ్బరుకు ఆముదం రాసి, ఒక కొస నా చేతికి కొక్కెంతో ఇచ్చి, రెండో కొస చేతి డ్రిల్లు లాంటి చిన్న యంత్రానికి తగిలించి, సాగదీసి చుట్టుకుంటూ నా వైపు నడిచి వచ్చారు. చుట్టిన రబ్బరును విమానానికి తగిలించాక, మైపాడు బీచిలో పిల్లలకు అమ్మే గ్యాసు బెలూను ఒకటి నా చేతికి ఇచ్చారు. దానికి పొడుగాటి దారం. లోపల ఎగిరే విమానానికి చుక్కాని అదే. గోడకో దీపానికో తగలబోతుంటే, బెలూనును పైకి వదిలి, దారంతో దాన్ని మెల్లగా పక్కకు తిప్పాలి.

విమానం లేచింది. చుట్లు చుట్టుకుంటూ ఎక్కింది. కాసేపటికి వేదిక పక్క స్తంభం వైపు జరగడం మొదలుపెట్టింది. నేను కంగారుపడి వెనక నుంచి దారం తగిలించాను. విమానం ముక్కు పైకెత్తి, తడబడి, కిందికి జారింది. కింద పడకుండా మళ్లీ ఎలాగో నిలదొక్కుకుంది.

మామగారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. "ఎనకనించి తొయ్యగూడదమ్మా. తోసేది ఎవరో దానికి తెలవదు, బెదురుతుంది. ముందరికి బొయ్యి ఊరికే నిలబడు. అదే తిరుగుతుంది."

నేను దారం పట్టుకుని ముందుకు వెళ్లి నిలబడ్డాను. అది వచ్చి, రెక్క కొసతో దారాన్ని తాకి, కొంచెం ఆగినట్టయి, తిరిగి వెళ్లింది. ఎందుకో తెలియదు, అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఆసుపత్రిలో రానిది, మా అమ్మ ఒళ్లో రానిది. నిలబడే ఏడ్చాను. మామగారు నా వైపు చూడలేదు. నా చేతిలోంచి దారం తీసుకున్నారు. కళ్లు విమానం మీదే ఉంచి, "దిగేదానికి ఇంకా చానాసేపు పడుతుంది. నువ్వు ఏడ్చుకో తల్లీ. దాన్ని నేను చూసుకుంటా" అన్నారు.

అది దిగేవరకూ ఏడ్చాను. ఇంటికి వస్తూ ఆయన ఆ మాటే ఎత్తలేదు. వరి ఈనిందనీ, కాలవలో నీళ్లు సరిగా రావడం లేదనీ చెబుతూ స్కూటరు నడిపారు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు నేను చాన్నాళ్ల తర్వాత మా ఆయన్ని పేరు పెట్టి పిలిచి మజ్జిగ అడిగాను. అతను గిన్నె పట్టుకుని లేచినవాడు లేచినట్టే కాసేపు నిలబడిపోయాడు. రెండేళ్ల తర్వాత మాకు కూతురు పుట్టింది. ఆ పిల్లకు విమానాలంటే అంత మోజు లేదు, తాత చెప్పే ఊళ్ల కబుర్లంటే ఇష్టం. ఆయనా బలవంతపెట్టలేదు.

ఆ ఆదివారం తర్వాత దారం పట్టుకునే మనిషిని నేనే. ప్రొపెల్లర్ సంగతి కూడా మెల్లగా నేర్పారు. ఇంత చిన్న విమానానికి కూడా వాలు మారే రెక్కలే చేశారు ఆయన. మధ్యలో సూది అంత ఇరుసు, దానికి వెంట్రుక లాంటి స్ప్రింగు, బిగించడానికీ సడలించడానికీ కంటికి ఆనని మర. రబ్బరు నిండా చుట్టి ఉన్నప్పుడు దాని లాగుడు జోరుగా ఉంటుంది. అప్పుడు రెక్కలు బాగా వాలి, గాలిని ఎక్కువగా కోస్తూ, మెల్లగా తిరగాలి. లేకపోతే విమానం ఒక్క ఊపున పోయి పైకప్పుకు కొట్టుకుంటుంది. రబ్బరు సడలేకొద్దీ స్ప్రింగు రెక్కల వాలును తగ్గించాలి. అప్పుడే మిగిలిన కొద్ది బలంతో కూడా అది తేలుతుంది. ఇది నాకు ఎంతకీ బుర్రకెక్కకపోతే, అన్నం దగ్గర కూర్చుని చెప్పారు. "బలంగా ఉన్నోడికి నమిలేది పెట్టాల. నీరసంగా ఉన్నోడికి జావ పెట్టాల. అంతేనమ్మా." అత్తయ్య వింటూ, "మీకు మాత్రం ఏం పెట్టినా ఒకటే, చల్లారిందాకా తినరు గదా" అంది.

ఎప్పుడూ ఆ మండపమే. ఆ పైకప్పు ఎత్తుకు సరిపోయేలా ఏళ్ల తరబడి స్ప్రింగును సవరించి సవరించి పెట్టుకున్నారు. ఒక ఏడాది ఉత్తరాదిన ఒక నగరంలో ఇటువంటి విమానాలు ఎగరేసే వాళ్లందరూ కలుస్తున్నారని తెలిసింది. పెద్ద ఆటల స్టేడియం, లోపల అంతా మూసి ఉంటుందట. మామగారు వెళ్లాలని అనలేదు. కానీ పెట్టెకు కొత్త కొక్కేలు వేయించారు. అది చూసి మా ఆయనే రైలు టిక్కెట్లు చేయించాడు. "నువ్వూ బో. నాన్న ఒక్కడూ పెట్టెను చూసుకుంటాడే గానీ తనను చూసుకోడు" అన్నాడు నాతో.

దారి పొడుగునా పెట్టె ఆయన ఒళ్లో ఉంది. స్టేడియంలోకి అడుగుపెట్టి ఆయన తల పైకెత్తారు. ఇనుప దూలాల పైకప్పు ఎక్కడో ఉంది.

మొదటిసారి వదిలితే మా విమానం కొద్దిగా ఎక్కి, అక్కడే చుట్లు తిరిగి, తొందరగా దిగిపోయింది. పక్కవాళ్లవి చూస్తే పిట్టల్లా దూలాల దగ్గర ఉన్నాయి. నాకు మనసు చివుక్కుమంది. మామగారు మాత్రం నవ్వారు. "దీనికి మన మండపమే ఆకాశం అనుకున్నిందమ్మా."

స్ప్రింగు బిగించాలి. రెక్కల వాలు ఇంకా ముందుగా తగ్గి, రబ్బరు జోరు ఉండగానే అది పైకెక్కాలి. ఆయన మర తిప్పబోయారు. అప్పటికే ఆయన వేళ్లు వణకడం మొదలై కొంతకాలమైంది, నేను చూడనట్టు ఉండేదాన్ని. రెండుసార్లు ప్రయత్నించి, చిన్న పట్టకారు నా చేతికి ఇచ్చారు.

"నువ్వు తిప్పు."

"ఎంత తిప్పాల మామయ్యా?"

"లెక్క చెప్పలేనమ్మా. అది నీ ఏలికి ఎదురు చెప్పినట్టు అనిపిస్తుంది. ఆడ ఆపు."

మెల్లగా తిప్పాను. నిజంగానే ఒకచోట స్ప్రింగు నా వేలిని వద్దన్నట్టు అనిపించింది. ఆపాను. ఆయన చూడలేదు, సరిపోయిందా అని అడగలేదు. "చుట్టు" అన్నారు.

విమానం ఎక్కింది. మా మండపం ఎత్తు దాటింది. ఇంకా ఎక్కింది. మామగారు నేల మీద కూర్చుని చూస్తున్నారు. అది దూలాల కిందికి చేరి, ఒక దూలం వైపు జరగసాగింది. అక్కడ చిక్కుకుంటే ఇక అంతే, నిచ్చెన కూడా అందదు. ఆ విమానానికి రెక్కలు కట్టడానికి ఆయనకు ఒక ఎండాకాలం పట్టింది. నేను బెలూను పైకి వదిలి, దారాన్ని దాని వైపు జరపబోయాను.

"ఆగు. ఇంకా అదే చూసుకుంటుంది" అన్నారు.

ఇంకో చుట్టు. ఇంకా దగ్గరైంది. అంత ఎత్తున దారం ఎటు ఊగుతోందో తెలియడం లేదు.

"ఇప్పుడు. ముందరికి."

ముందుకు నడిచి నిలబడ్డాను. దారం దాని దారికి అడ్డంగా వచ్చింది. రెక్క తాకింది. విమానం ఒక్క క్షణం దారానికి ఆనుకుని, ముక్కు తిప్పుకుని, ఖాళీలోకి వెళ్లిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో చిన్నగా చప్పట్లు కొట్టారు. అక్కడి నుంచి అది దిగడానికి ఎంతసేపు పట్టిందంటే, మామగారు కూర్చున్నచోటే మెల్లగా వెల్లకిలా పడుకుని చూశారు.

మాకు బహుమతి రాలేదు. మాకంటే చాలాసేపు ఎగరేసిన వాళ్లు ఉన్నారు. ఆయన వాళ్లందరి దగ్గరికీ వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్ల ప్రొపెల్లర్లు చూసి, దళంలో నేర్చి, మరిచిపోగా మిగిలిన హిందీలో మెచ్చుకుని వచ్చారు. తిరుగు రైల్లో మా ఊరి దగ్గరికి వస్తుండగా, కిటికీలోంచి మళ్లు చూస్తూ అన్నారు. "ఇన్నేళ్లూ పైన తగలకుండా చూసుకునేదే పనయిందమ్మా. పైకి పోనిచ్చేది ఇప్పుడు చూసినా."

తర్వాత ఆయనకు చూపు తగ్గుతూ వచ్చింది. డాక్టర్లు చేయగలిగింది చేశారు. మొదట సన్నపు అక్షరాలు పోయాయి, తర్వాత మనుషుల ముఖాలు. చెక్క చీల్చడం మానేశారు. ఉన్న విమానాలను పెట్టెలోంచి తీసి, పెదవులకు ఆనించి పొర చిరిగిందేమో చూసుకునేవారు. ఆ చూపు గురించి ఒక్క మాట కష్టంగా అనడం నేను వినలేదు. ఒకసారి మాత్రం అత్తయ్య వడ్డిస్తుంటే, "నీ ముఖం ఇప్పుడు పెళ్లినాటి మాదిరే ఉండాది. ముడతలు అగుపడటంలా" అన్నారు. అత్తయ్య గరిటె పట్టుకుని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

పోయిన ఆషాఢంలో చివరిసారి మండపానికి వెళ్లాం. స్నేహితుడు ఫ్యాన్లు ఆపి, తలుపులు మూసి, మామగారికీ తనకూ కుర్చీలు వేశాడు. రబ్బరు నేనే చుట్టాను, మర నేనే చూశాను, నేనే వదిలాను. విమానం లేచింది. మామగారు తల పైకెత్తి కూర్చున్నారు. ఆయనకు కనిపించేది పైన వెలుగు, కింద చీకటి, అంతే.

"యాడుండాది?" అన్నారు.

"వేదిక మీదకు వస్తా ఉండాది మామయ్యా. ఇప్పుడు తిరిగింది. కిటికీ పక్కకు పోతా ఉండాది."

ఆయన ముఖం కిటికీ వైపు తిరిగింది.

"స్తంభం దాటింది. దీపాల కిందకు వచ్చింది. కొంచెం ఎక్కింది."

ఆయన గడ్డం కొంచెం పైకి లేచింది. నేను చెబుతూనే ఉన్నాను. నా మాట ఎటు పోతే ఆయన తల అటు తిరుగుతోంది, ఒక్కోసారి నా మాట కన్నా ముందే. చుట్టు ఎంత పెద్దదో, ఎంతసేపట్లో తిరిగి వస్తుందో ఆయనకు తెలుసు. పక్క కుర్చీలో స్నేహితుడు విమానాన్ని చూడడం మానేసి ఆయన్నే చూస్తున్నాడు. ప్రొపెల్లర్ మెల్లబడింది. విమానం మెట్టు మెట్టుగా కిందికి వచ్చి, పెళ్లిపీటలు వేసే చోట, నేల మీద వాలింది.

"దిగింది మామయ్యా" అన్నాను.

"ఊఁ" అన్నారు.

కానీ ఆయన ముఖం కిందికి రాలేదు. పైకెత్తిన ఆ ముఖం దీపాల కిందుగా, కిటికీల పక్కగా, స్తంభాల మీదుగా మెల్లగా ఇంకో చుట్టు తిరిగింది.